శాస్త్ర పరిశోధనలో గీతల పాత్ర

(మన సంఘ భవనంలో ఉగాది సభనాడు చేసిన ప్రసంగ పాఠం)



మాకు ముందు మాట్లాడిన పండితులు చక్కని పద్యాలతో సభను రంజింపజేసినారు. వారి వెనుక ఒక రైల్వే గుమాస్తా లేచి గణాంకాల గురించి మాట్లాడుతానంటే, ఈసారి పచ్చడిలో వేపపువ్వు కాస్త ఎక్కువ పడినదని మీరు అనుకున్నా తప్పు లేదు. మేము మెట్రిక్ వరకే చదివినవారము. శాస్త్రవేత్తలము కాము. అయినా ఉద్యోగంలో చేరిన నాటినుంచి అంకెల మధ్యనే కూర్చుంటున్నాము గనుకా, కార్యదర్శిగారు పట్టుబట్టి పేరు వేసినారు గనుకా, మీ ముందు నిలబడవలసి వచ్చినది.

ఈ ఉదయం సిద్ధాంతిగారు పన్నెండు రాశులవారికి ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివి వినిపించినారు. మనలో ప్రతి ఒక్కరమూ మన రాశి ఒక్కటి శ్రద్ధగా విన్నాము, మన ఇంట్లోవాళ్ళ రాశి సగం విన్నాము, తక్కినప్పుడు పక్కవారితో మాట్లాడుకున్నాము. ఏ రాశివారికి ఆదాయానికీ వ్యయానికీ ఎడం అందరికంటె ఎక్కువ అని ఇప్పుడు అడిగితే చెప్పగలవారు ఈ హాలులో ఒకరో ఇద్దరో ఉంటారు. అవే అంకెలను పన్నెండు జతల గీతలుగా గోడమీద వేసి ఉంటే, తలుపు దగ్గర చెప్పులు విడుస్తున్నవారు కూడా ఒక్క చూపులో చెప్పేవారు.

అంకెలను ఇట్లా గీతలుగా మార్చే పద్ధతికి వయస్సు ఎక్కువ లేదు. స్కాట్లండు దేశస్థుడైన విలియం ప్లేఫేర్ 1786లో ఇంగ్లండు వర్తకపు లెక్కలను గీతలతో చూపిస్తూ ఒక పుస్తకం వేసినాడు. మనం నేడు పత్రికలలో చూసే గ్రాఫులకు అదే మొదలని చెప్పవచ్చును. అయితే చాలామంది అభిప్రాయం ఏమిటంటే, గ్రాఫు అనేది అంకెలకు పెట్టే నగ అని. పరిశోధన అంతా ముగిసిన తరువాత, అచ్చువేసే ముందు, పేజీ అందంగా ఉండటానికి పెట్టే బొమ్మ అని. మేమూ చాలాకాలం అట్లాగే అనుకున్నాము. ఆ అభిప్రాయం తప్పు. అనేకసార్లు పరిశోధన ఆ గీతలోనే జరిగినది. గీతలో ఒకటి వదిలిపెట్టినందువల్ల పరిశోధన చెడిపోవటమూ జరిగినది. ఈ రెండో సంగతి మాకు పుస్తకాలవల్ల కొంతా, ఈ హాలులోనే జరిగిన ఒక ముచ్చటవల్ల కొంతా తెలిసినది.

ముందుగా మనకు అన్నంపెట్టే రైల్వేతోనే మొదలుపెడతాము. ఇక్కడ ఉన్నవారిలో సగంమంది కుటుంబాలు గుంతకల్లు, బళ్ళారి, హొస్పేట, గదగ్ దారినే హుబ్లీకి వచ్చినవి గనుక ఇది మనకు ఇంటి సంగతే. పూర్వం సెక్షన్ కంట్రోలరు బల్లమీద ఒక పెద్ద కాగితం పరిచి ఉండేది. దానిని కంట్రోల్ చార్టు అనేవారు. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువుగా స్టేషన్లు, వాటి మధ్య దూరానికి తగిన ఎడంతో. ఒక్కొక్క బండికి ఒక్కొక్క గీత. బండి దాటినకొద్దీ స్టేషన్లనుంచి టెలిఫోనులో వేళ తెలిసేది; కంట్రోలరు రంగు పెన్సిలుతో ఆ బండి గీతను ఆ మేరకు సాగించేవాడు. గీత నిటారుగా ఉంటే బండి వేగంగా పోతున్నది. ఏటవాలుగా వాలిపోతే నెమ్మదిగా పోతున్నది. అడ్డంగా పడుకుంటే ఎక్కడో నిలబడి ఉన్నది. ఎదురుబదురుగా వచ్చే రెండు బండ్ల గీతలు కత్తెరవలె కలుసుకున్నచోట ఆ బండ్లు రెండూ కలుసుకుంటవి. ఒకే దారి ఉన్న సెక్షనులో ఆ కత్తెర స్టేషను గీతమీదనే పడవలెను. రెండు స్టేషన్ల నడుమ పడినదంటే ఏమవుతుందో రైల్వే కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఈ గీతలు కంప్యూటరు తెరమీద వాటంతట అవే పడుతున్నవి. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో మాత్రం పాత కాగితపు చార్టుల కట్టలు రికార్డు గదిలో ఇంకా ఉండేవి. ఒకనాడు రిటైరు కావటానికి నెలరోజులున్న ఒక పెద్దాయన వాటిలో వారం రోజులవి తీసి నేలమీద వరుసగా పరిచి, "ఏమైనా కనబడుతున్నదా అబ్బాయీ?" అని అడిగినారు. మొదట మాకు సాలెగూడు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన వేలు పెట్టి చూపిస్తే తెలిసినది. ఏడు కాగితాలలోనూ, ఒకే స్టేషను దగ్గర, ఒకే గంటలో, గూడ్సు గీతలన్నీ అడ్డంగా పడుకుని ఉన్నవి. రిజిష్టరులోనూ ఆ సంగతి లేకపోలేదు. కాని అక్కడ అది ఒకరోజు పది నిమిషాలుగా, మరొకరోజు పాతిక నిమిషాలుగా వేర్వేరు పేజీలలో చెదిరిపోయి ఉన్నది. ఆ రిజిష్టరును నెలల తరబడి మేమే నింపినాము, మేమే కూడినాము. ఒక్కనాడూ మా కంటికి ఆ సంగతి ఆనలేదు.

ఇటువంటి బండ్ల గీతల పటం ఒకటి, పారిస్ నుంచి లియాన్ వరకు నడిచే బండ్లకు వేసినది, ఫ్రాన్సు దేశంలో 1885లో ఒక పుస్తకంలో అచ్చయినది. వింత ఏమిటంటే ఆ పుస్తకం రాసిన ఎతియెన్ జూల్ మరే రైల్వే మనిషి కాడు, శరీరధర్మ శాస్త్రవేత్త. గుండె ఎట్లా కొట్టుకుంటుంది, గుర్రం పరుగెత్తేటప్పుడు ఏ కాలు ఎప్పుడు నేల తాకుతుంది అనేవి ఆయన పరిశోధించిన విషయాలు. 1860 ప్రాంతంలో ఆయన మణికట్టు మీద అమర్చే ఒక పరికరం చేసినాడు. నాడి కొట్టినప్పుడల్లా చిన్న మీట లేచి కాగితం మీద గీత గీస్తుంది. అంతవరకు వైద్యుడు వేళ్ళతో నాడి చూసి తన అనుభవాన్ని మాటలలో చెప్పవలసి వచ్చేది; ఇంకొక వైద్యుడు ఆ మాటలను నమ్మవలసి వచ్చేది. గీత వచ్చిన తరువాత ఇద్దరూ ఒకే కాగితం మీద వేలుపెట్టి వాదించుకోవచ్చును. నేడు గుండె నొప్పి అనగానే తీసే ఇ.సి.జి. కూడా ఈ కోవలోనిదే. దానిని సాధించిన ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమానం ఇచ్చినారు. మరే దృష్టిలో పారిస్ బండి, గుర్రపు కాలు, మనిషి నాడి మూడూ ఒకటే. కాలంతోపాటు మారేది ఏదైనా గీతగా మారగలదని ఆయన నమ్మకం.

కాలం సంగతి అట్లా ఉండగా, స్థలాన్ని చూపించి పేరుపొందిన పటం ఒకటి ఉన్నది. 1854 ఆగస్టు చివర లండను నగరంలో సోహో అనే పేటలో కలరా పుట్టినది. మూడు రోజులలో బ్రాడ్ స్ట్రీటు, దాని చుట్టుపక్కల వీధులలో 127 మంది పోయినారు. మొత్తం మీద 616 మంది చనిపోయినారని లెక్క. ఆ రోజుల్లో పెద్ద పెద్ద వైద్యుల అభిప్రాయం కలరా చెడుగాలివల్ల వస్తుందని. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం అది తాగే నీళ్ళవల్ల వస్తుందని అంతకు ముందునుంచే అంటున్నాడు. ఆయన ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఎక్కడి నీళ్ళు తాగినారో విచారించినాడు. చావులలో ఎక్కువ భాగం బ్రాడ్ స్ట్రీటు పంపుకు దగ్గర ఇళ్ళలోనే. ఆయన మాట విని అధికారులు సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీయించినారు. మరుసటి ఏడు ఆయన అచ్చు వేసిన పుస్తకంలో ఆ పేట పటం పెట్టి, ఒక్కొక్క చావుకు ఆ ఇంటి దగ్గర ఒక్కొక్క నల్లని అడ్డు గీత పేర్చినాడు. పంపు చుట్టూ గీతలు కట్టెల మోపుల్లాగా గుట్టపడి కనబడతవి.

ఈ కథను ఇంతవరకే చెప్పి ఆపేవారు చాలామంది. పటం చూడగానే స్నోకు జ్ఞానోదయం అయినదని, పిడి తీయగానే కలరా ఆగిపోయినదని. నిజం అంత సులువుగా లేదు. పిడి తీసేనాటికే రోగం తగ్గుముఖం పట్టినది. జనంలో చాలామంది పారిపోయినారు. నీళ్ళ సంగతి పటం గీయక ముందే స్నో మనస్సులో ఉన్నది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. లండను మురుగు కాలువల శాఖలో ఎడ్మండ్ కూపర్ అనే ఇంజనీరు కూడా అదే పేటకు, అవే చావులకు ఒక పటం గీసినాడు. అయితే ఆయన అడిగిన ప్రశ్న వేరు. కొత్తగా తవ్విన మురుగు కాలువలు పూర్వకాలపు ప్లేగు శ్మశానాన్ని కదిలించినందువల్ల రోగం వచ్చినదని జనం చెప్పుకుంటున్నారు. అది నిజమా కాదా అని ఆయన చూసినాడు, కాదని తేల్చినాడు. అంతటితో ఆయన పని అయిపోయినది. అవే చావులు, అవే వీధులు. ప్రశ్న మారినందువల్ల ఒకరి కంటికి కనబడినది మరొకరి కంటికి కనబడలేదు.

మాకు స్నో పటంలో అన్నిటికంటె నచ్చినవి నల్ల గీతలు కావు, గీతలు లేని చోట్లు. పంపుకు కూతవేటు దూరంలో ఒక సారాయి కార్ఖానా ఉన్నది. డెబ్బైమందికి పైగా పనివాళ్ళు. ఒక్కరికీ కలరా చావు లేదు. స్నో వెళ్ళి అడిగితే, వాళ్ళకు కార్ఖానాలోనే బీరు పోస్తారనీ, ఆవరణలో సొంత బావి ఉన్నదనీ, వీధి పంపు జోలికి వాళ్ళు పోరనీ తెలిసినది. దగ్గరలోనే 535 మంది ఉన్న ఒక బీదల వసతి గృహంలో అయిదుగురే పోయినారు. అక్కడా సొంత బావి ఉన్నది. చెడుగాలే కారణమైతే ఆ గాలి ఈ రెండు చోట్లను మాత్రం ఎట్లా దాటిపోయినది? చావులున్న చోట్లు స్నోకు అనుమానాన్ని ఇచ్చినవి; లేని చోట్లు ఆ అనుమానాన్ని గట్టిపరచినవి. కలరా సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ మన కలకత్తాలో నిర్ధారణ చేసినది దాదాపు ముప్పై ఏళ్ళ తరువాత, 1884లో.

ఈ "లేని చోట్లు" అనే మాట జ్ఞాపకం ఉంచుకోవలెనని కోరుతూ, ఇప్పుడు సగటు గురించి రెండు మాటలు చెబుతాము. ఏటి సగటు లోతు లెక్కకట్టి పిల్లలను నీళ్ళలోకి దింపిన కరణంగారి కథ మీరందరూ విన్నదే. ఆ కథకు శాస్త్రవేత్తల లోకంలో కూడా ఒక రూపం ఉన్నది. 1973లో ఆన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రవేత్త నాలుగు చిన్న పట్టికలు తయారుచేసినాడు. ఒక్కొక్క దానిలో పదకొండు జతల అంకెలు. నాలుగింటిలోనూ మొదటి వరుస సగటు 9, రెండవ వరుస సగటు 7.5. రెండు వరుసల సంబంధాన్ని కొలిచే లెక్క కూడా నాలుగింటికీ ఒక్కటే, సుమారు 0.82. లెక్కల గుమాస్తా ఎవరైనా నాలుగూ ఒకటేనని సంతకం పెట్టేస్తాడు, మేమైనా పెట్టేవాళ్ళమే. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి చూస్తే, ఒకటి చెదిరిన చుక్కల వాలు. రెండవది విల్లులాగా వంగిన గీత. మూడవదానిలో పది చుక్కలు సైనికుల్లా వరుసగా నిలబడి ఉంటే ఒక్కటి మాత్రం దూరంగా ఎగిరిపడినది. నాలుగవదానిలో పది చుక్కలు ఒకే నిలువు గీతమీద ఉండి, ఒంటరి చుక్క ఒకటి దూరాన కూర్చుని లెక్కనంతా తనవైపు లాగుతున్నది. మీలో గ్రాఫు పుస్తకం ఉన్న పిల్లలు ఇంటికి వెళ్ళి ఇటువంటివి తామే తయారుచేసుకొని చూడవచ్చును. గంట పని.

ఇక్కడ మన దేశం మాట, మనవారి మాట చెప్పకుండా పోకూడదు. కలకత్తాలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటును స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1950లలో ఒక కొత్త గ్రాఫు పద్ధతిని కనిపెట్టినారు. దానిని వివరించిన వ్యాసం 1960లో అచ్చయినది. పల్లె కుటుంబాలు తిండికి, బట్టకు ఎంత ఖర్చు పెడుతున్నవో జాతీయ నమూనా సర్వేలో అడిగి రాసేవారు. ఆ కుటుంబాలను అందరికంటె బీదవారితో మొదలుపెట్టి అందరికంటె కలిగినవారి వరకు వరుసగా నిలబెట్టి, సమానమైన గుంపులుగా విడదీసి, ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క చుక్క పెట్టి గీత కలపటం ఆ పద్ధతి. ఇంతవరకు విశేషం లేదు. విశేషం ఏమిటంటే ఆయన ఒక గీతతో తృప్తిపడలేదు. నమూనాను మొదటే రెండు భాగాలు చేసి, రెండింటినీ విడివిడిగా అడిగించి, రెండు గీతలు గీయించినారు.

ఎందుకు? మన ఆఫీసులలో ఒకే గోడౌనులోని బస్తాలను ఇద్దరు గుమాస్తాలు ఒకరికొకరు తెలియకుండా లెక్కపెట్టినారనుకోండి. ఇద్దరి లెక్కా దగ్గర దగ్గరగా వస్తే ఆ లెక్క నమ్మవచ్చును. ఇద్దరి మధ్య ఇరవై బస్తాలు తేడా ఉంటే, నిరుటికంటె ఈ ఏడు పది బస్తాలు తగ్గినవని ఎవరైనా గోల చేసినప్పుడు మనం నవ్వి ఊరుకోవలెను. మహలనోబిస్ చేసినది ఇదే. రెండు గీతల మధ్య ఉన్న జాగా మన పొరపాటు ఎంతో చూపిస్తుంది. ఒక ఏటి గీతకూ మరొక ఏటి గీతకూ మధ్య ఎడం ఆ జాగాకంటె పెద్దదైతేనే నిజంగా మార్పు వచ్చినదని చెప్పవలెను. తన అనుమానాన్ని తానే బయటపెట్టుకునే గ్రాఫు ఇది. మా ఉద్దేశంలో ఇంత నిజాయితీ గల గీత మరొకటి లేదు. నేటి పత్రికలలో ఎన్నికల జోస్యాలకు వేసే రంగురంగుల బొమ్మలలో దీని జాడ ఎంత ఉన్నదో మీరే చూసుకోవచ్చును.

ఆ ఇన్‌స్టిట్యూటులోనే 1941 జనవరి 1న ఒక తెలుగు యువకుడు చేరినాడు. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు, లోకమంతా సి. ఆర్. రావు అని పిలిచే మహనీయుడు. ఆయన పుట్టినది ఆంధ్రదేశంలో కాదు. మనకు హొస్పేట ఇవతల ఉన్న హూవిన హడగలిలో, 1920 సెప్టెంబరు 10న. అప్పుడది మద్రాసు రాజధానిలో బళ్ళారి జిల్లా. తండ్రిగారు పోలీసు శాఖలో ఉద్యోగి. బదిలీలవల్ల పిల్లవాడు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అంటూ బడులు మారుతూ చదువుకున్నాడు. ఎనిమిదవ సంతానం గనుక కృష్ణుని పేరు పెట్టినారట. బదిలీ ఉద్యోగుల పిల్లల చదువు సాగదని మనలో కొందరు బెంగపడుతూ ఉంటారు గనుక ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పినాము. 1946లో ఆయన కేంబ్రిడ్జికి వెళ్ళి, ఆఫ్రికాలోని సూడానులో తవ్వకాలలో దొరికిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలను పరిశీలించినారు. ఒక్కొక్క పుర్రెకు అనేక కొలతలు ఉంటవి. అన్నిటినీ ఒకేసారి ఊహించటం ఎవరి తరమూ కాదు. అటువంటి పెక్కు కొలతలను రెండు మూడింటిలోకి కుదించి, ఏ సమూహం ఏ సమూహానికి దగ్గరో, ఏది దూరమో కాగితం మీద చుక్కలుగా కనబడేటట్టు చేయటం ఆయన బలపరచిన మార్గాలలో ఒకటి. 2023లో ఆయనకు గణాంక శాస్త్రానికి అంతర్జాతీయ బహుమానం వచ్చినది. ఆ ఏడే ఆగస్టు 22న, 102 ఏళ్ళ వయస్సులో అమెరికాలో కన్నుమూసినారు.

ఇక మేము చెప్పదలచిన అసలు సంగతికి వస్తున్నాము. 1986 జనవరి 28న అమెరికావారి ఛాలెంజర్ అనే అంతరిక్ష నౌక పైకి లేచిన 73 సెకండ్లకు పేలిపోయినది. ఏడుగురు పోయినారు. వారిలో ఒకామె బడి పంతులమ్మ. ఆ ప్రయాణాన్ని బడులలో పిల్లలు టెలివిజనులో చూస్తున్నారు. రాకెట్టు అతుకుల మధ్య వేసిన రబ్బరు చుట్టలు ఆనాటి చలికి బిగుసుకుపోయి, వేడి వాయువును ఆపలేకపోయినవని తరువాత తేలినది.

విచారకరమైన విషయం ఏమిటంటే, ముందురోజు రాత్రే ఈ చలి సంగతి మీద టెలిఫోనులో గంటల తరబడి చర్చ జరిగినది. రాకెట్టు చేసిన కంపెనీ ఇంజనీర్లు రేపటి చలిలో వదలవద్దని వాదించినారు. చలికీ రబ్బరు దెబ్బతినటానికీ సంబంధం ఏమిటో చూపమని అవతలివారు అడిగినారు. అంతకుముందు రబ్బరు దెబ్బతిన్న ప్రయాణాలు ఏడు. ఆ ఏడింటిని చూస్తే, కొన్ని చలిలో జరిగినవి, కొన్ని వెచ్చగా ఉన్నప్పుడు జరిగినవి. వాటిని బట్టి చలిదే తప్పని ఎవరూ గట్టిగా చెప్పలేకపోయినారు. చివరకు పెద్దల మాటే నెగ్గినది.

ప్రమాదం తరువాత వేసిన విచారణ సంఘం అదే సంవత్సరం తన నివేదికలో రెండు గ్రాఫులు అచ్చు వేసినది. ఒకటి ఆ ఏడు చుక్కలది. రెండవదానిలో, ఏ దెబ్బా తగలకుండా క్షేమంగా పోయివచ్చిన ప్రయాణాలకు కూడా చుక్కలు పెట్టినారు, సున్న గీతమీద. అవి పెట్టగానే పటం మారిపోయినది. సుమారు 19 డిగ్రీలు, అంతకు పైన ఉన్న వెచ్చని రోజులలో ఇరవై ప్రయాణాలు. వాటిలో మూడింటిలోనే రబ్బరు చెడినది. సుమారు 18 డిగ్రీలకు లోపు ఉన్న చలి రోజులలో నాలుగు ప్రయాణాలు, నాలుగింటిలోనూ చెడినది. అప్పటివరకు అన్నిటికంటె చల్లని ప్రయాణం సుమారు 12 డిగ్రీల దగ్గర. ఆనాటి ఉదయం గడ్డకట్టే చలి. సున్నమీది చుక్కలు ఆ రాత్రి కాగితం మీద ఉండి ఉంటే ఆ ఏడుగురూ బతికేవారా అనేది ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. పై అధికారి చెవికెక్కని మాటలు గ్రాఫు ఉన్నా ఎక్కకపోవచ్చును. కాని ఏమీ జరగని రోజును లెక్కలోకి తీసుకోకపోవటంవల్ల ఎంత పెద్ద సంగతి దాగిపోగలదో దీనివల్ల తెలుస్తున్నది.

ఇది చదివిన రోజు మాకు నిద్ర పట్టలేదు. కారణం చెబుతాము.

ఈ హాలులో ప్రతి ఆదివారం తొమ్మిది గంటలకు మన పిల్లలకు తెలుగు తరగతి జరుగుతున్న సంగతి మీరు ఎరుగుదురు. కొన్నేళ్ళ క్రితం కార్యవర్గంలో దానిని మూసేద్దామనే మాట వచ్చినది. పిల్లలు తగ్గిపోతున్నారు, మాస్టారికి ఇచ్చే గౌరవ వేతనం దండగ అని ఒకరు. ఇంగ్లీషు మోజు అని ఒకరు. సెల్‌ఫోన్ల మహిమ అని ఇంకొకరు. ఏటేటా సగటు హాజరు తగ్గుతున్న మాట వాస్తవమే. హాజరు పట్టీ రాసినది మేమే గనుక, గ్రాఫు గీసి చూపమని పని మాకే అప్పగించినారు.

మూడేళ్ళ సగటులు మూడు చుక్కలుగా పెట్టి కలిపితే నున్నటి జారుడుబల్ల వచ్చినది. తెలుగు మెల్లమెల్లగా చచ్చిపోతున్నట్టే కనబడినది. అయితే రికార్డు గదిలోని పెద్దాయన జ్ఞాపకం వచ్చి, ఆదివారం ఆదివారానికీ ఒక చుక్క చొప్పున మళ్ళీ గీసినాము. అప్పుడు అది జారుడుబల్ల కాదు, మెట్లు. జూలై నుంచి ఏప్రిల్ వరకు గీత చాప పరిచినట్టు సమంగా ఉన్నది. వేసవి సెలవులు దాటగానే ఒక మెట్టు కిందికి దిగినది. మళ్ళీ ఏడాదంతా సమం. అంటే వస్తున్న పిల్లలు విసిగి మానలేదు. బదిలీ అయిన కుటుంబాల పిల్లలు వెళ్ళిపోయినారు. క్వార్టర్సులోకి కొత్తగా వచ్చిన కుటుంబాల పిల్లలు చేరలేదు. సంతోషంగా ఆ కాగితం కార్యవర్గం ముందు పెట్టినాము.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసినారు. ఆయనకు డెబ్బై దాటినవి. జూన్ నెల దగ్గర వేలుపెట్టి, "ఇక్కడ మూడు ఆదివారాలు లేవేం నాయనా?" అన్నారు. "ఆ వారాలు ఎవరూ రాలేదు మాస్టారూ, తరగతి జరగలేదు, అందుకని రాయలేదు" అన్నాము. నిరుడు జూన్‌లోనూ, అంతకుముందు జూన్‌లోనూ అట్లాగే వదిలేసినాము. బడులు తెరిచే హడావుడి, ఊళ్ళనుంచి ఇంకా తిరిగిరాని కుటుంబాలు, పైన తొలకరి వానలు.

"తరగతి జరగకపోవటం ఏమిటి? నేను వచ్చాను గదా. తొమ్మిదింటికి తలుపు తీసుకుని పదకొండింటి వరకు కూర్చున్నాను" అన్నారాయన. గొంతులో కోపం లేదు. అప్పుడే మరొక సంగతి కూడా అన్నారు. ఆ వారాలలో కొత్తగా దిగిన తల్లులు ఒకరిద్దరు పిల్లల చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వచ్చినారట. ఖాళీ హాలు, ఒంటరిగా ముసలి పంతులు. లోపలికి చూసి, "ఇక్కడ తరగతులు జరగటం లేదు కాబోలు" అనుకుంటూ వెళ్ళిపోయినారట. పిలిచినా వినబడలేదట, వాన చప్పుడుకు.

మేము ఇంటికి వెళ్ళి ఆ సున్నలు పెట్టినాము. మెట్టుకు ముందు ప్రతి ఏడూ ఒక గొయ్యి. కొత్తవాళ్ళు వచ్చి చూసేది సరిగ్గా ఆ గోతిలోనే. సెల్‌ఫోను కాదు, ఇంగ్లీషూ కాదు; మా పట్టీలో మేము దాచిన మూడు ఆదివారాలు. దాచినామని అనటం కూడా సరియే. తరగతి మూసివేస్తారేమోననే భయంతో సున్న రాయటానికి చెయ్యి రాలేదు. సున్న కనబడకపోతే సగటు బాగుంటుందని లోలోపల అనుకున్నాము. మూసివేయటానికి దారి తీసినదీ ఆ దాపరికమే.

రెండేళ్ళనుంచి తరగతి జూలై మొదటి ఆదివారం మొదలవుతున్నది. జూన్‌లో మహిళా విభాగంవారు కొత్త కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి వస్తున్నారు. ఈ రెండు జూలైలలోనూ గీత మెట్టు దిగలేదు. అంతమాత్రాన మేము గెలిచినామని చెప్పము. రెండు చుక్కలతో గీత గీయవచ్చును గాని నమ్మరాదని మహలనోబిస్‌గారి పద్ధతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

గ్రాఫు కాగితం నోటీసు బోర్డు పక్కన అంటించి ఉన్నది. ఇకమీద హాజరు పట్టీ మా దగ్గర ఉండదు. వాకిలి దగ్గర బల్లమీద పెడుతున్నాము. పెన్సిలు దారంతో కట్టి ఉంటుంది. మాస్టారు తలుపు తీసిన ప్రతి ఆదివారానికీ ఆ రోజు అక్కడ ఉన్నవారెవరైనా సరే ఒక అంకె రాసి వెళ్ళవలెనని కోరుతున్నాము. ఎవరూ రాకపోతే మాస్టారే సున్న రాస్తామన్నారు.